రెండు కైట్ల లైన్లు చిక్కుపడితే ముందు ఏం చెయ్యాల? రామేశ్వరంలో నాకు జరిగింది

గాలివాటం_తిరుపతి
పోయిన ఆదివారం రామేశ్వరంలో నాకు జరిగింది చెప్తా. కైట్‌బోర్డింగ్ (నడుముకి పెద్ద కైటు తగిలించుకుని, కాళ్ళ కింద బోర్డుతో నీళ్ల మీద జారే ఆట) నేర్చుకుని ఇది రెండో సీజన్, బరువు 74 కిలోలు, వేసింది 10 చదరపు మీటర్ల కైటు, గాలి వేగం 18-20 నాట్స్ ఉండాది. మధ్యాన్నం మూడింటికి నీళ్లలో జనం జాస్తి. నేను ఒడ్డుకి తిరిగొస్తా ఉంటే ఎదురుగా ఒకాయన వస్తా ఉండాడు, ఆయన పక్కకి జరుగుతాడులే అని నేను, నేను జరుగుతానని ఆయన, పైగా నేను కైటు వైపే చూస్తా ఉండా, తల దించేసరికి మధ్యలో పదిహేను మీటర్లు కూడా లేదు. ఎట్లనో దాటేసినాము, తగల్లేదు, హమ్మయ్య అనుకునే లోపల బార్ (కైటుని తిప్పడానికి చేత్తో పట్టుకునే కడ్డీ) ఒక పక్కకి గుంజేసింది. పైకి చూస్తే నా లైన్లు ఆయన లైన్ల మీద పడి రెండు కైట్లూ గిరగిరా తిరగతా ఉండాయి.

అప్పుడు నేను లైను చేత్తో పట్టుకుని లాగినా. చిన్నప్పట్నుంచి సంక్రాంతికి మేడ మీద అదే కదా చేసినాము, చిక్కుపడితే లాగడమే. చూపుడువేలు, మధ్యవేలు కోసుకుపోయినాయి. ఆయన వెంటనే రిలీజ్ (కైటు లాగుడు పోయేటట్టు విడిపించే మీట) కొట్టినాడు, నేను కొట్టలా. నా కైటు ఇద్దర్నీ కలిపి ఈడ్చుకుంటా పోయింది, చేపల వలలు కట్టిన కర్రలు కనిపించినాక భయమేసి నేనూ నొక్కినా, నొక్కినా గానీ లాగడం ఆగలా, ఆఖరికి లీష్ (కైటుని మనకి కట్టి ఉంచే ఆఖరి తాడు) కూడా వదిలేసినా. కైటు పోయి ఒడ్డున కంపచెట్లలో పడి రెండు చోట్ల చినిగింది. ఒడ్డుకొచ్చినాక ఆయన నన్ను బాగా తిట్టినాడు, తప్పంతా నాదేనంట. లైన్లు ఇప్పుడు సంచిలో ఇంతలావు ముద్దగా పడుండాయి. తప్పు ఎవరిదో చెప్పండి, చిక్కు పడిన ఆ క్షణంలో పట్టుకోవాల్నా వదలాల్నా అది కూడా చెప్పండి.

మదనపల్లె_టమాట
అన్నా ముందు వేళ్ళు ఎట్లుండాయి? వంగతా ఉండాయా?

గాలివాటం_తిరుపతి
మధ్యవేలు వంగతా ఉండాది. చూపుడువేలు కొస మాత్రం వంగడం లేదు, వాపు వల్ల అనుకుంటా. కట్టు కట్టించినా.

రామేశ్వరం_రెగ్యులర్
తప్పు సంగతికి ముందు రెండు విషయాలు చెప్పు. నువ్వు ఏ చెయ్యి ముందు పెట్టి పోతా ఉండావు? మీ ఇద్దరిలో గాలి వచ్చే వైపు ఎవరుండారు?

గాలివాటం_తిరుపతి
ఎడమ చెయ్యి ముందు. గాలి వచ్చే వైపు నేను, ఆయన నాకు కిందుగా. నా కైటు నీళ్లకి దగ్గరగా ఉండాది, ఆయనది నడినెత్తిన.

రామేశ్వరం_రెగ్యులర్
అయితే ఆయన తిట్టిన తిట్లు బాగలేకపోవచ్చు గానీ విషయం ఆయన చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. ఎదురెదురుగా వచ్చేటప్పుడు కుడి చెయ్యి ముందు పెట్టినవాళ్ళకి దారి, వాళ్ళు తమ వేగం, దారి మార్చకుండా పోవాల. ఎడమ చెయ్యి ముందు ఉన్నవాళ్ళు తప్పుకోవాల. పడవల్లో స్టార్‌బోర్డ్ రూల్ అంటారే, అదే ఇది. ఒకే దిక్కుకి పోయేటప్పుడు వెనకనుంచి స్పీడుగా వచ్చేవాడు తప్పుకోవాల. ఒడ్డునుంచి నీళ్లలోకి పోయేవాడికి దారిచ్చి, తిరిగొచ్చేవాడు ఆగాల, ఎందుకంటే ఒడ్డున నిలబడి కైటు పట్టుకున్నవాడికే డేంజర్ ఎక్కువ.

ఇంక కైటు ఎత్తు. గాలి వచ్చే వైపు ఉన్నవాడు కైటు పైకెత్తాల, కింద ఉన్నవాడు దించాల. మన లైన్లు 20 నుంచి 24 మీటర్లు ఉంటాయి, కైటు ఎప్పుడూ మనకంటే గాలి పోయే వైపే ఎగరతాది. అంటే పై వైపున్న నువ్వు కైటు దించితే నీ నాలుగు లైన్లూ కింద పోయేవాడి ఛాతీకి, మెడకి అడ్డంగా పరుచుకున్నట్టే. నీ కేసులో లైన్లు లైన్లకి తగిలినాయి, ఆయన మెడకి తగిలుంటే ఈ పోస్టు వేరే విధంగా ఉండేది.

కాణిపాకం_కిరణ్
రెగ్యులర్ అన్నతో సగమే ఒప్పుకుంటా. నీది ఎడమ చెయ్యి, నువ్వు తప్పుకోవాల, అది నిజం. కానీ ఆయన కింద వైపుండి కైటు నడినెత్తిన ఎందుకు పెట్టినాడు? రూల్ ప్రకారం ఆయన దించాల కదా. ఎదుటోడు తప్పు చేస్తా ఉన్నాడని కనిపిస్తా ఉంటే దారి నాది అని పోవడం ఏమి పద్ధతి? పక్కకి మళ్ళాల, లేదంటే ఆగిపోవాల. గుద్దుకున్నాక దారి ఎవరిదైతే ఏమి.

రామేశ్వరం_రెగ్యులర్
కిరణ్, అది ఒప్పుకుంటా. దారి ఉన్నవాడు కూడా గుద్దుకోకుండా చూసుకోవాల్సిందే. కానీ కొంచెం ముందు ఆగడం వేరే, చివరి క్షణంలో మళ్ళడం వేరే. చివరి క్షణంలో ఇద్దరూ ఒకే పక్కకి మళ్ళినారంటే ఇంకా ఘోరం. అందుకే దారి ఉన్నవాడు నిలకడగా పోవాలని పెట్టింది.

అలిపిరి_మెట్లు
మనోళ్ళకి ఈజీగా అర్థమయ్యేటట్టు చెప్తా. తిరుమలకి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. ఎదురు బండే రాదు కాబట్టి మలుపులో ధైర్యంగా తిప్పుతాము. ఆ రెండో రోడ్డు లేని రోజులు మా నాయన చెప్పేవాడు, మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటా, ఎదురుగా వచ్చేవాడి కోసం ఆగుకుంటా పోవాల్సిందేనంట. నీళ్ల మీద ఇప్పటికీ ఒకటే రోడ్డు, దానికి గీతలు కూడా ఉండవు. నేనైతే ప్రతి మలుపుకి ముందు భుజం మీదుగా వెనక్కి చూస్తా, ఎవరూ లేరని తెలిసినా చూస్తా.

చిత్తూరు_బుల్లోడు
నాకు ఈ ఆట రాదు, మా బావమరిది నేర్చుకుంటా అంటా ఉంటే చదవతా ఉండా. ఒక డౌటు. పటాలు చిక్కుపడితే లాగాల, లాగినోడిదే గెలుపు, మనకి తెలిసింది అది. ఇక్కడ లాగితే ఏమవతాది?

నీళ్లమీద_స్వర్ణముఖి
బుల్లోడు గారూ, మన సంక్రాంతి పటం కాగితం, దారం తెగితే రెండు రూపాయల కథ. ఇది 10 చదరపు మీటర్ల గుడ్డ, మనిషిని నీళ్లలోంచి పైకి లేపేంత బలం ఉంటాది. గాలి 15 నాట్స్ నుంచి 21కి పెరిగిందనుకోండి, చూడ్డానికి ఆరే కదా అనిపిస్తాది, లాగుడు మాత్రం దాదాపు రెండింతలవతాది, ఎందుకంటే గాలి వేగం వర్గం లెక్కన బలం పెరగతాది. లైను రెండు మిల్లీమీటర్లు కూడా లావుండదు, డైనీమా దారం, వందల కిలోలు తట్టుకుంటాది. అంత సన్న దారం అంత బరువుతో జారతా ఉంటే వేలు అడ్డం పెడితే ఏమవతాదో పోస్టు పెట్టినాయన్ని చూస్తే తెలస్తా ఉండాది కదా. మెలిక పడి వేలికి చుట్టుకుంటే ఇంకా అంతే.

నేను నేర్చుకునేటప్పుడు మా సార్ మొదటి రోజు ఒకటే చెప్పినాడు, పట్టుకోవాల్సింది బార్ ఒకటే, లైను ఎప్పుడూ కాదు. ఇన్నేళ్ళయినా నీళ్లలో దిగే ముందు ఆ మాట ఒకసారి అనుకుంటా.

చిత్తూరు_బుల్లోడు
సరే అక్కా, బావమరిదికి ఈ పోస్టు పంపిస్తా. నువ్వు చెప్పినాక మా అత్త వాణ్ణి పంపిస్తాదో లేదో.

గాలివాటం_తిరుపతి
అందరూ వదలాల వదలాల అంటారు. కైటు, బార్ కలిపి లక్ష దాటింది నాకు. రెండేళ్ళు దాచుకుని కొన్న్యా. వదిలితే పోతాదేమో అన్న భయమే ఆ టైములో చేతిని పనిచెయ్యనియ్యలా. అది తప్పే, ఇప్పుడు తెలస్తా ఉండాది, కానీ ఆ క్షణంలో ఆలోచన అట్ల రాలా.

రామేశ్వరం_రెగ్యులర్
ఆలోచనకి వదిలేస్తే ఎవరికీ రాదు తమ్ముడూ, చెయ్యికి అలవాటు కావాల. వదలడంలో మెట్లు ఉండాయి కదా, మొదటిది బార్ వదిలెయ్యడం, చాలాసార్లు దాంతోనే సగం బలం పోతాది. రెండోది చికెన్ లూప్ (నడుముకి కట్టుకునే హార్నెస్ బెల్టు కొక్కేనికి బార్‌ని తగిలించే రింగు) మీద క్విక్ రిలీజ్ ముందుకి నెట్టడం, అప్పుడు కైటు ఒక్క లైను మీదనే వేలాడి జెండా మాదిరిగా కొట్టుకుంటా పడిపోవాల. దానికీ వినకపోతే లీష్ వదిలెయ్యడం. నీ కేసులో రెండో మెట్టు తర్వాత కూడా లాగింది ఎందుకంటే ఆ ఒక్క లైను జారాల్సిన చోట ఆయన లైన్లు మెలికపడి పట్టేసినాయి, కైటు చదునుగా పడలా. ఎవరి లైన్లన్నా నీ వాటితో చిక్కుపడినాయంటే రెండో మెట్టు పనిచెయ్యదనే అనుకుని లీష్ మీదికి చెయ్యి ముందే పోనీ.

నేను ప్రతి ట్రిప్పులో మొదటి రోజు, గాలి తక్కువున్నప్పుడు, నడుము లోతు నీళ్లలో కావాలనే రిలీజ్ నొక్కతా. ఇసక పట్టి, ఉప్పు గట్టిపడి బిగుసుకుపోయిన రిలీజులు ఎన్ని చూసినానో. 2020లో రిలీజ్ సిస్టంలకి ఐఎస్‌ఓ 21853 అని స్టాండర్డ్ వచ్చింది, బార్ కొనేటప్పుడు అది ఉందా అని అడుగు. ఎంత మంచి బార్ అయినా మంచినీళ్లతో కడగకపోతే బిగుసుకుపోతాది.

కాణిపాకం_కిరణ్
ఇంకో ప్రశ్న. ఇద్దరిలో ఎవరు వదలాల? ఒకరు వదిలితే చాలు అనేవాళ్ళున్నారు.

రామేశ్వరం_రెగ్యులర్
కైట్లు తిరగతా ఉంటే ఇద్దరూ, అరుచుకుంటా, వెంటనే. ఒకరే లీష్ దాకా పూర్తిగా వదిలేసినారంటే రెండు కైట్ల బరువూ మిగిలినోడి నడుముకే పడతాది.

కాణిపాకం_కిరణ్
మాకు ఒకసారి అట్ల కాలా. గాలి 13 నాట్స్, కైట్లు రెండూ తలకాయల పైన తగులుకుని నిలబడినాయి, తిరగడం లేదు. మేమిద్దరం ఒకరివైపు ఒకరు మెల్లగా నడుచుకుంటా పోయినాము, ఛాతీ లోతు నీళ్ళే, లైన్లు వదులయినాయి, నేను పైన కదలకుండా పట్టుకుంటే వాడు రిలీజ్ చేసినాడు, కైటు మెత్తగా పడింది. ఇద్దరం వదిలుంటే రెండు కైట్లూ కొట్టుకుపోయేవి.

రామేశ్వరం_రెగ్యులర్
నిలబడినప్పుడు నువ్వు చేసిందే సరైన పద్ధతి. నేను చెప్పేది తిరగేటప్పటి సంగతి. ఒక చుట్టు తిరగడం చూసినావంటే మాటల్లేవు, నొక్కేయడమే. లీష్ వదిలే ముందు ఒక్క చూపు గాలి పోయే వైపు వెయ్యి, అక్కడ పిల్లకాయలో జాలర్లో ఉంటే వదిలిన కైటు వాళ్ళ మీదికే పోతాది. కానీ నీ ప్రాణం మీదికొస్తే చూసుకుంటా కూర్చోవద్దు.

ఎముకల_డాక్టరమ్మ
లైన్ల గోల పక్కన పెట్టండి. @గాలివాటం_తిరుపతి, వేలి కొస వంగడం లేదని రాసినారు, వాపని రాసినారు. ఇంకో చేత్తో ఆ వేలి మధ్య కణుపు కదలకుండా పట్టుకుని కొస ఒక్కటే వంచి చూడండి. అస్సలు కదలకపోతే అది వాపు కాదు, లోపల వేలిని వంచే తాడు తెగుండొచ్చు. మనం దాన్ని కూడా నరమే అంటాము, నిజానికి కండరాన్ని ఎముకకి కలిపేది అది. తెగితే చివర్లు లోపలికి ముడుచుకుపోతాయి, ఆలస్యమయ్యే కొద్దీ కుట్టడం కష్టమవతాది. వేలికి ఒక పక్క తిమ్మిరి ఉందా కూడా చూడండి. సముద్రపు నీళ్లలో కోసుకున్న గాయం కాబట్టి చీము, వాపు, జ్వరం ఏదున్నా తేలిగ్గా తీసుకోవద్దు, టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? రేపు పొద్దున్నే చేతి సర్జన్‌కి చూపించండి.

నగరి_మగ్గం
మా ఊళ్ళో అయితే పుత్తూరు కట్టు వేయించుకోమంటారు మేడమ్.

ఎముకల_డాక్టరమ్మ
పుత్తూరు కట్టు మీద మా అమ్మమ్మకి కూడా బో నమ్మకం, నాకు వాదన వద్దు. కానీ కట్టు ఎముక కోసం. తెగిన తాడు కట్టుతో కలవదు, కుట్టాల్సిందే. గట్టిగా కట్టేసి మూడు వారాలు ఆగితే వేలు పోయినట్టే.

గాలివాటం_తిరుపతి
ఇప్పుడే పట్టుకుని చూసినా మేడమ్. కదలడం లేదు. పొద్దున్నే పోతా.

మదనపల్లె_టమాట
పోయొచ్చి చెప్పన్నా, ఊరికే ఉండిపోవద్దు.

వెంకటగిరి_నేత
నాకు సముద్రం మీద ఏమీ తెలీదు, కానీ సంచిలో లైన్లు ముద్దగా పడుండాయి అన్నాడు కదా ఆ మాట చదివినాక ఉండలేకపోయినా. మాది మూడు తరాల మగ్గం. పడుగు దారం ఎంత సన్నగా ఉంటాదో మీరు చూసుంటే తెలస్తాది, దానికి చిక్కు పడితే నాలుగు రోజుల కూలి పోయినట్టే. మా జేజి చిక్కు తీసేటప్పుడు ఎప్పుడూ కొస పట్టి లాగేది కాదు. చాప మీద పరిచి, రెండు చేతుల వేళ్ళూ చిక్కు మధ్యలోకి దూర్చి, పిల్లకాయల తల దువ్వేటప్పుడు పాయలు విడదీసినట్టు మెల్లగా వెడల్పు చేసేది. చిక్కు చిన్నదయితే బిగిసింది అని అర్థం, పెద్దదయితే విడతా ఉండాది అని అర్థం. లాగితే చిన్నదవతాది. మా నాయన కోపంతో ఒకసారి లాగితే జేజి చేతి మీద కొట్టింది, నలభై ఏళ్ళ మనిషిని.

నీ లైన్లు కైటునుంచి విప్పేసినావు కదా. బార్‌ని గేటుకో కిటికీ ఊచకో తగిలించు. ముద్దని కింద పరిచి వదులు చెయ్యి, ఊరికే విదిలించు, సగం దానంతట అదే జారిపోతాది. కొసలు కంతల్లోంచి దూర్చుకుంటా పోవద్దు, దూర్చిన ప్రతిసారి కొత్త ముడి పెట్టినట్టే. ముందు చిక్కు, తర్వాత పురి. కంగారు లేకుండా చెయ్యి, ఒక గంట పడతాది.

నీళ్లమీద_స్వర్ణముఖి
నేత అన్నా, మా సార్ కూడా ఇంత బాగా చెప్పలా. దీనికి ఒకటి కలపతా. చిక్కు విడినాక ప్రతి లైనూ మొదట్నుంచి చివరిదాకా రెండు వేళ్ళ మధ్య వదులుగా జార్చుకుంటా పో, బొడిపె మాదిరిగా తగిలితే అది చిన్న ముడి. ముడి పడిన చోట ఇట్లాంటి దారం బలం సగం దాకా పోతాది. సూదితో మెల్లగా విప్పు, పళ్ళతో కాదు. రెండు లైన్లు రాసుకున్న చోట పీచు లేచినట్టు, మెరిసినట్టు ఉంటే ఆ లైను మార్చెయ్యి, డైనీమా రాపిడి వేడికి కరిగిపోతాది. ఆఖర్న నాలుగు కొసలూ ఒకే కొక్కేనికి తగిలించి బార్ లాగి చూడు, బార్ సమానంగా నిలబడాల. వెనక లైన్లలో ఒకటి పొట్టిగా ఉంటే కైటు దానంతట అదే ఆ పక్కకి తిరగతానే ఉంటాది.

అసలు నాకు జరిగింది నీళ్లలో కాదు, ఒడ్డున. కైటు పట్టుకున్న పిల్లోడు బొటనవేలు చూపించినాడు, నేను సరే అన్న్యా, బ్రైడిల్ తాడు (లైన్లని కైటుకి కలిపే చిన్న తాడు) ఒకటి రెక్క కొసకి చుట్టుకోనుంది, ఇద్దరం చూడలా. లేచింది లేచినట్టే పక్కకి తిరిగి నన్ను ఇసకలో ఇరవై అడుగులు ఈడ్చింది. రిలీజ్ నొక్కినా కాబట్టి మోచెయ్యి చీరుకుపోవడంతో అయిపోయింది. అప్పట్నుంచి లైన్లు బిగుతుగా పెట్టి, నాలుగూ విడివిడిగా కళ్ళతో కైటు దాకా చూసి, రెక్క కొసలు రెండూ చూసి, అప్పుడే బొటనవేలు ఎత్తతా. వెనక ఎంతమంది తొందర పెట్టినా సరే.

కపిలతీర్థం_కుర్రోడు
ఇంత దూరం పోయేది ఎందుకు? సూళ్ళూరుపేట పక్కన పులికాట్ ఉండాది, లోతు తక్కువ, గాలి బాగా వస్తాది, మన జిల్లానే. ఇక్కడే ఆడుకోవచ్చు కదా?

పులికాట్_పక్షి
వద్దు సామీ. అది పక్షుల అభయారణ్యం, ఫ్లెమింగోలు, పెలికాన్లు అక్కడికి వచ్చేదే ఆ లోతు తక్కువ నీళ్ల కోసం. మీ 10 మీటర్ల కైటు పైన తిరిగితే మేత మేసే గుంపు మొత్తం లేచిపోతాది. అవతల శ్రీహరికోట. పైగా జాలర్ల వలలు, కర్రలు.

కపిలతీర్థం_కుర్రోడు
అయితే తూపిలిపాళెం బీచ్?

రామేశ్వరం_రెగ్యులర్
ఎండాకాలం తర్వాత వచ్చే నైరుతి గాలి మన కోస్తాలో నేల మీదనుంచి సముద్రంలోకి కొడతాది. అక్కడ లైన్లు చిక్కుపడి కైటు పడిపోతే నిన్ను లోపలికి తీసుకుపోతాది, కాపాడే పడవ కూడా ఉండదు. రామేశ్వరం దీవి సన్నగా, రెండు పక్కలా నీళ్ళు, ఒక సీజన్లో ఒక పక్క, ఇంకో సీజన్లో ఇంకో పక్క దొరకతాది, అందుకే అంత దూరం పోతాము. అక్కడ కూడా ఒక పక్క మన్నార్ గల్ఫ్ నేషనల్ పార్కు ఉండాది, దీవుల వైపు పోకూడదు. తిరుపతినుంచి రైలు ఉండాది కదా, కైటు బ్యాగు బెర్తు కింద పడతాది.

చిత్తూరు_బుల్లోడు
బావమరిది అడగతా ఉండాడు, ఇది ఒలింపిక్స్‌లో కూడా ఉందంట, నిజమేనా?

కాణిపాకం_కిరణ్
నిజమే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టినారు, పోటీలు మార్సెయ్ దగ్గర సముద్రంలో జరిగినాయి. మగవాళ్ళలో ఆస్ట్రియా, ఆడవాళ్ళలో బ్రిటన్ గెలిచినాయి. అంత పెద్ద పోటీలో కూడా దారి రూలు మనదే, కుడి చెయ్యి ముందున్నవాడికి దారి.

గాలివాటం_తిరుపతి
నాలుగు రోజులయింది. డాక్టరమ్మ గారు చెప్పింది నిజమే, చూపుడువేలు తాడు తెగింది, కుట్టినారు. మూడు నెలలు బరువు ఎత్తకూడదంట, ఈ సీజన్ అయిపోయినట్టే. ఇంకో వారం ఆగుంటే కష్టమయ్యేదని సర్జన్ కూడా అన్నాడు. మేడమ్, మీకు ఎట్ల చెప్పాలో తెలీడం లేదు.

లైన్లు మా అమ్మ, నేను కలిసి విప్పినాము, నాకు ఒక చెయ్యే కదా. నేత అన్న చెప్పినట్టే కిటికీ ఊచకి బార్ తగిలించి హాల్లో చాప పరిచినాము. గంట కాదు, రెండు గంటలు పట్టింది. మా అమ్మకి ఒక్కసారి చెప్తే చాలు, జడ విప్పినట్టు విప్పేసింది. ఎడమ పక్క ముందు లైను ఒక జానెడు పొడుగునా పీచు లేచి గాజు మాదిరిగా మెరస్తా ఉండాది, అక్కడే రాసుకున్నట్టుంది. అది మారుస్తా.

ఆయన నంబరు స్కూలోళ్ళ దగ్గర తీసుకుని ఫోన్ చేసినా. దారి మీదే సార్, నేను చూసుకోలేదు అని చెప్పినా. ఆయనకి నడుము దగ్గర హార్నెస్ కొక్కెం గుచ్చుకుని ఇంకా నొప్పి ఉందంట, నాకు ఆ సంగతే తెలీదు. తన కైటు పైన పెట్టడం తప్పేనని ఆయన కూడా అన్నాడు. డిసెంబర్‌లో గాలి తిరిగినాక వస్తావా అని అడిగినాడు, వేలు బాగయితే వస్తా అన్న్యా.

వెంకటగిరి_నేత
అమ్మకి నా నమస్కారం చెప్పు నాయనా. ఆ మెరిసే లైను పారెయ్యొద్దు, మీ ఇంట్లో బట్టలారేసుకోవడానికి పనికొస్తాది.

రామేశ్వరం_రెగ్యులర్
డిసెంబర్‌లో వచ్చేటప్పుడు నాకు చెప్పు. మొదటి రోజు నడుము లోతులో ఇద్దరం రిలీజులు నొక్కుకుందాం, ఎడమ చేత్తో పది, కుడి చేత్తో పది.

నీళ్లమీద_స్వర్ణముఖి
నేను కూడా వస్తా. టికెట్లు ఇప్పుడే చూసుకోండి, సంక్రాంతి ముందు ఆ రైల్లో బెర్తులు దొరకవు.